పడుకున్న కాపరి

మేకుకు వేలాడుతున్న తీగ చివర చిన్న తాళంచెవి ఉంది. ఆలోయిస్ కొవాండా మీట నొక్కాడు. తాళంచెవి గోరంత పైకి లేచింది. మీట వదిలాడు. దిగింది. మళ్ళీ నొక్కాడు. లేచింది. తీగ తలవెంట్రుకంత సన్నం. ఆ గది వెలుతురులో కంటికి ఆనదు. తాళంచెవే తనంతట తాను లేచి దిగుతున్నట్టు ఉంటుంది.

చాలనుకున్నాడు. కిందటి శీతకాలం నుంచి డబ్బాలో పడి ఉన్నా తీగ పాడవలేదు.

చర్చి వెనక గదికి ఒకటే కిటికీ. బయట చూరు నుంచి మంచు కరిగి కారుతోంది. వారమంతా ఇదే వాన, ఇదే కరుగు. గోడలు చెమ్మపట్టాయి. బల్లమీద గోధుమపిండి జిగురు గిన్నె, కురచ కత్తెర, పట్టకార్లు, ఇత్తడి గొట్టపు ముక్కలు, అడుగున పొడి పేరుకున్న గాజుగ్లాసులో చల్లారిన కాఫీ. బూట్లు తలుపు దగ్గర విప్పి ఉన్ని చెప్పులు తొడుక్కున్నాడు. ఆ గదిలోకి బూట్లతో రాకూడదన్న నియమం అతని భార్య బ్లాజెనాది. బ్లాజెనా వసంతకాలంలో పోయింది. నియమం ఉంది.

బల్ల అవతలి చివర ఆమె నిలబడి ఉంది. జానెడు ఎత్తు, దళసరి కాగితం. తలకు నీలం రుమాలు, చేతిలో బుట్ట, బుట్టలో జడలా అల్లిన పండగ రొట్టె. బొమ్మ గీసింది స్కూలు టీచరు మిలాదా, ఫోటో చూసి. ముక్కు కుదిరింది. నోరు కుదరలేదు. బ్లాజెనా నోరు ఎప్పుడూ ఏదో అనబోయి మానుకున్నట్టు ఉండేది. మిలాదా ఆ నోటిని నవ్వించింది.

ఆ మనిషి అంతగా ఎప్పుడూ నవ్వలేదు. కానీ కొవాండా టీచరుతో ఆ మాట అనలేదు. అంటే మళ్ళీ గీసుకొస్తానంటుంది. మళ్ళీ కూర్చుని మాట్లాడుతుంది.

ఓల్షినాలో బేత్లెహేము అంటే చర్చిలో ఎడమ గోడ వెంట బల్లలమీద పరిచిన కాగితపు ఊరు. కొండల్లా నాచు పేర్చి, అందులో పుల్లలు గుచ్చి, పుల్లకొక మనిషిని అంటించి నిలబెడతారు. మధ్యలో పశువుల పాక, తొట్టిలో పసిబిడ్డ. బిడ్డను చూడడానికి నడిచి వచ్చేవాళ్ళంతా ఓల్షినా వాళ్ళే. కమ్మరి, పోస్టు మనిషి, పొగగొట్టాలు తుడిచేవాడు, ఇద్దరు మంత్రసానులు, ఒక తాగుబోతు. ముఖాలు అచ్చం వాళ్ళవే. ఎవరి తాత ఎక్కడ నిలబడ్డాడో ఎవరినడిగినా చూపిస్తారు. ఆ ఏడు పోయినవాళ్ళను క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం కొత్తగా తెచ్చి నిలబెడతారు. ఫాదర్ పేరు చదువుతాడు. బొమ్మ తొట్టి ముందు ఒక్కసారి నడుం వంచి లేస్తుంది. ఆ తర్వాత దాని వీపునుంచి తీగ తీసి డబ్బాలో దాస్తారు, వచ్చే ఏటి వాళ్ళకు. పోయినవాళ్ళు వంగేది ఒక్కసారే. ఈ ఏడు పోయింది బ్లాజెనా ఒక్కతే.

వంగకపోతే ఆ మనిషి దేవుణ్ణి చేరక ఇంకా దారిలోనే ఉన్నట్టు లెక్క. తీగలు రాకముందు, బల్లకింద కూర్చుని దారాలు లాగే రోజుల్లో, చనిపోయిన ఒక మిల్లు మేస్త్రీ బొమ్మ దారం తెగింది. మేస్త్రీ వంగలేదు. వాళ్ళ కుటుంబం ఇప్పటికీ పక్క ఊరి చర్చికే పోతుంది.

కొవాండా చేతిలోకి పని వచ్చాక ఎవరూ దారిలో ఉండిపోలేదు.

బొమ్మను బోర్లా పడుకోబెట్టి నడుం దగ్గర మడత చూశాడు. కత్తి వెనకవైపుతో గీసి మడిచిన మడత. దానిమీద సన్నటి అట్టపేడు అంటించాడు, స్ప్రింగులా పనిచెయ్యడానికి. ఈ తీగకు కరెంటు పారితే వేడెక్కుతుంది, వేడెక్కితే కురచవుతుంది. చల్లారితే సాగడానికి ఒప్పుకుంటుంది కానీ తనంతట తాను సాగదు. దానికి లాగడమే తెలుసు. తిరిగి నిలబెట్టాల్సింది కాగితం. కాగితం పొడిగా, బిర్రుగా ఉండాలి. ఒకసారి పత్రికవాడొకడు కెమెరాతో వచ్చి, ఈ తీగకు జ్ఞాపకశక్తి ఉంటుందట కదా అని అడిగాడు. "వేడి ఉంటుంది" అన్నాడు కొవాండా. పత్రికలో అది రాలేదు.

అట్టపేడును బొటనవేలితో నొక్కాడు. మెత్తగా ఉంది. చెమ్మ. పొయ్యి దగ్గరికి జరిపి ఆరబెట్టాడు.

తీగను కాగితానికి పట్టించడానికి సీసం కరిగించి మాటు వెయ్యకూడదు. మాటు వేడికి తీగ చచ్చిపోతుంది. కొత్తవాళ్ళంతా చేసే తప్పు అదే. చివరను ఇత్తడి గొట్టంలో దూర్చి, పట్టకారుతో గొట్టాన్ని నొక్కెయ్యాలి. ఎడమచేతి రెండు వేళ్ళతో తీగ పట్టుకోవాలి, కుడిచేత్తో గొట్టం తేవాలి. వేలసార్లు చేసిన పని. ఇవాళ ఎడమచెయ్యి పొద్దున లేచినప్పటినుంచి తనది కానట్టుంది. వేళ్ళ మధ్య తీగ ఉందో లేదో తెలియడం లేదు. చూస్తే ఉంది. దూర్చబోతే లేదు. నేలమీద వెతికి తీశాడు. మళ్ళీ జారింది.

చలి అనుకున్నాడు. చెయ్యిని చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. నుదురు తుడుచుకుంటే తడి తగిలింది.

తలుపు తోసుకుని తొమ్షోవా వచ్చింది. చర్చి తాళాలు, తుడవడం, పూలు అన్నీ ఆమెవే. ఒకచేతిలో ఈకల కుంచె, రెండోచేతిలో ఒక కాగితపు బొమ్మ.

"కొవాండా, నీ మనిషి పడ్డాడయ్యా. నేను తొయ్యలేదు, ముందే చెప్తున్నా. నాచు తడిసి మెత్తబడింది. కుంచె ఇలా అన్నానో లేదో, దబ్బున బోర్లాపడ్డాడు."

"అక్కడ పెట్టు."

"అంత ఎత్తునుంచి పడ్డాడా, అయినా లేవలేదు చూడు!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు ఊరందరిదీ. దానికి ఇరవై ఏళ్ళు దాటాయి.

ఆమె బొమ్మను బల్ల అంచున బోర్లాపెట్టింది.

"నీ మొహమేంటి అలా సున్నం కొట్టినట్టుంది? ఏమన్నా తిన్నావా?"

"తలుపు వేసి వెళ్ళు. చెమ్మ వస్తోంది."

"ఆ మహాతల్లి ఎలా వేగిందో నీతో" అనుకుంటూ తలుపు వేసుకుని వెళ్ళింది.

ఆ బొమ్మ పడుకున్న కాపరి. దేవదూత పిలిచినా లేవకుండా గొర్రెల మధ్య నిద్రపోయేవాడు. ప్రతి బేత్లెహేములోనూ ఒకడుంటాడు. ఓల్షినా వాడికి టోపీ కళ్ళమీదికి జారి ఉంటుంది, నోరు కాస్త తెరిచి ఉంటుంది, గడ్డంమీద చిన్న సొట్ట ఉంటుంది. కొవాండా గడ్డంమీదా అదే సొట్ట.

నూలు మిల్లు మూతపడ్డ శీతకాలం అతను వంటింట్లో పొయ్యి పక్క బెంచీమీద పడుకున్నాడు. లేచి చెయ్యడానికి ఏమీ లేదు. బ్లాజెనా అతని కాళ్ళమీంచి దాటి వంట చేసేది, దాటి గిన్నెలు కడిగేది, ఆ బల్లమీదే బేత్లెహేముకు బొమ్మలు వేసేది. ఒకరోజు వైద్యపరికరాల కార్ఖానాలో పనిచేసే వాళ్ళ అన్న దగ్గరికి వెళ్ళి, చిన్న తీగచుట్ట ఒకటి తెచ్చి అతని పొట్టమీద పడేసింది.

"ఇది వేడికి కురచవుతుందట. చూస్తావా, పడుకునే ఉంటావా?"

చూశాడు. పండగనాటికి డప్పువాడి చెయ్యి చప్పుడు లేకుండా కదిలింది. బాతు మెడ చాపింది. జనం నోళ్ళు తెరిచారు. అంతలో ఎవరో నాచు అంచున బ్లాజెనా కొత్తగా వేసిన కాపరిని చూశారు. అదే రోజు, అదే గంటలో. ఆలోయిస్‌ను లోయ్జా చేసి చర్చి అంతా నవ్వింది. లే లోయ్జా, దేవదూత వచ్చింది! లే లోయ్జా, మిల్లు తెరిచారు!

ఇంటికొచ్చాక బ్లాజెనా అంది: "అది నేను పూర్తిచెయ్యలేదు. మిగతాది నీ పని."

"నేను దాన్ని ముట్టుకోను."

"ముట్టుకోకు" అంది ఆమె. రెండోసారి చెప్పే మనిషి కాదు.

ముట్టుకోలేదు. చుట్టూ ఉన్న గొర్రెలకు తీగలు వేశాడు, పక్కనున్న కుక్క తోకకు వేశాడు. ఏటా ఆ బొమ్మను ఆమే తీసేది, ఆమే పెట్టేది; ఈ ఏడు తొమ్షోవా పెట్టింది. ఆ మాట మీద ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. తర్వాత్తర్వాత మిగతావాటిమీద కూడా పెద్దగా మాట్లాడుకోలేదు. ఒకే బల్ల దగ్గర ఆమె ముఖాలు వేసింది, అతను వీపులకు తీగలు వేశాడు.

మధ్యాహ్నానికి హెద్వికా వచ్చింది, బ్లాజెనా చెల్లెలు. బస్సు దిగి నేరుగా వచ్చింది. తడిసిన గొడుగు మూలపెట్టి, బూట్లు విప్పి, సంచిలోంచి రొట్టె తీసింది. పందికొవ్వు రాసి ఉల్లిపాయ ముక్కలు పరిచిన రొట్టె.

"బావా, వంగుతుందా అక్క?"

"వంగుతుంది."

"ఇంకా తీగే వెయ్యలేదుగా! రెండో గంట కొడితే జనం వచ్చేస్తారు."

అతను తీగ చివరను మళ్ళీ గొట్టం దగ్గరికి తెచ్చాడు. జారింది. హెద్వికా అతని వేళ్ళనే చూస్తోంది.

"మిలాదా టీచర్ని పిలవనా? ఆవిడకు చూపు బాగుంటుంది, చేతులు నిలకడగా ఉంటాయి."

"వద్దు."

"ఎందుకు వద్దు? నాకు తెలుసులే ఎందుకు వద్దో. ఆ కాపరి బొమ్మ కోపం నీ కడుపులో ఇంకా అలాగే ఉంది. బతికుండగా అక్కమీద తీర్చుకున్నావు, చాలు. చచ్చినదాని మీద తీర్చుకోకు బావా. నువ్వు దాన్ని దారిలో నిలబెడితే, దేవుడిమీద ఒట్టు, నీ మొహం మళ్ళీ చూడను."

"రొట్టె అక్కడ పెట్టు."

"చూశావా. మనిషి ఏడుస్తుంటే, రొట్టె అక్కడ పెట్టు అంటాడు." ఆమె నిజంగానే ఏడుస్తోంది. "ఎలా బతికిందమ్మా నీతో!"

"నోరు మూసుకుని."

హెద్వికా ఒక్క క్షణం అలా చూసి, కన్నీళ్ళతోనే నవ్వేసింది. "నీ దగ్గరేనయ్యా. నా దగ్గరికొస్తే మూసేదా? పొద్దుగుంకేదాకా నీ గురించే."

ఏం చెప్పేదని అతను అడగలేదు. ఆమె రెండు క్షణాలు ఆగి, అడగడని తెలిసి, గొడుగు తీసుకుని బయటికి వెళ్ళింది.

తీగను పళ్ళతో పట్టుకున్నాడు. అలా ఎప్పుడూ చెయ్యలేదు. నోటి తడి తగలకూడదు, పళ్ళ గాటు పడకూడదు. అద్దాలు ముక్కుమీదికి జారాయి. ఇత్తడి గొట్టాన్ని కుడిచేత్తో పెదవుల దగ్గరికి తెచ్చాడు. తీగ అందులోకి పోయింది. పట్టకారుతో నొక్కాడు. రెండో చివరకూ అంతే. దవడ కిందనుంచి మెడదాకా ఒక నొప్పి పాకింది. పళ్ళు బిగించినందుకు అనుకున్నాడు.

బొమ్మ వీపుకు బిగించి, మీట నొక్కి చూడాలని చెయ్యి పైకెత్తాడు. ఆగాడు. ముందుగా వంచి చూడకూడదు. అదీ ఊరి నియమమే. వంగేది ఒక్కసారే.

కాఫీ కోసం తల తిప్పినప్పుడు బల్ల అంచున బోర్లాపడిన కాపరి కనిపించాడు. బొమ్మల వెనకభాగం తెల్లగా ఉంటుంది. దీని వెనక తెల్లగా లేదు. ఛాతీ ఉండే చోట అడ్డంగా ఒక మడత, కత్తి వెనకతో గీసింది. మడతకు అటొకటి ఇటొకటి సూదితో పొడిచిన బెజ్జాలు. ఆ బెజ్జాలు ఎందుకో ఆ ఊళ్ళో తెలిసినవాడు అతనొక్కడే. తీగ పట్టించడానికి.

బెజ్జంమీద గోరు ఆనించి చూశాడు. బయట రెండో గంట మోగింది. బ్లాజెనాను ఎత్తుకుని లేచాడు.

చర్చి నిండా తడిసిన ఉన్నికోట్ల వాసన. జనం ఊపిరికి కిటికీ అద్దాలు మసకబారాయి. ఇంతమంది ఊపిరి, ఇంత చెమ్మ; కాగితానికి మంచిది కాదు. కొవాండా బొమ్మ పుల్లను తొట్టి ముందు నాచులో గుచ్చి, తీగ కొసలు కలిపి, బల్ల పక్క స్టూలుమీద కూర్చున్నాడు. చెయ్యి మీటమీద ఉంది. కుడిచెయ్యి.

ఫాదర్ మొదటి కొవ్వొత్తి వెలిగించాడు. ప్రార్థన చదివాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, "బ్లాజెనా కొవాండోవా" అన్నాడు.

మీట నొక్కాడు.

బ్లాజెనా నడుం వంగింది. మెల్లగా, చప్పుడు లేకుండా. బుట్టతోసహా, పండగ రొట్టెతోసహా తొట్టిమీదికి వంగింది. ఎవరో ముక్కు చీదారు. ముందు వరసలో హెద్వికా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

మీట వదిలాడు.

ఆమె లేవలేదు.

జనం ఎదురుచూశారు. ఒక నిట్టూర్పంత సేపు పట్టాలి. రెండు పట్టాయి. ఇంకా పట్టాయి. వెనకనుంచి ఒక గొంతు గుసగుసగా, "లేవడం లేదే" అంది. ఇంకో ముసలి గొంతు, "ఆవిడకు దేవుడితో మాట్లాడే పని ఎక్కువుందేమోలే, ఉండనీ" అంది. కొవాండా చెయ్యి చాచలేదు. చేత్తో లేపితే అది లేవడం కాదు. వంగినదీ వంగడం కాకుండా పోతుంది. అట్టపేడు మెత్తబడిందని అతనికి తెలుసు. కాగితం తన పని తాను చెయ్యాలి. చెయ్యలేకపోతే అంతే.

అప్పుడు లేచింది. సగం. అక్కడ ఆగింది. భుజాలు కొంచెం ముందుకు, మెడ కొంచెం కిందికి.

బతుకంతా బల్లమీద వంగి ముఖాలు వేసిన మనిషి వీపు సరిగ్గా అలాగే ఉండేది. పచారీ కొట్లో, బస్సు దగ్గర, వెనకనుంచి ఆ వీపు చూసే అందరూ ఆమెను గుర్తుపట్టేవాళ్ళు. మిలాదా వేసిన నవ్వు ఇప్పుడు కనబడ్డం లేదు. ముఖం కిందికి ఉంది.

"అదిగో" అంది హెద్వికా. "అదే. అదే మా అక్క."

ఆడవాళ్ళు ఏడ్చారు. ఫాదర్ తరవాతి పాట మొదలుపెట్టాడు. జనం వరసకట్టి బల్ల ముందునుంచి నడిచారు. కొందరు కొవాండా భుజం తట్టారు. హెద్వికా వంగి అతని తలమీద ముద్దుపెట్టి, "క్షమించు బావా, ఏదేదో అన్నాను. అంత చక్కగా ఎలా చేశావు?" అంది.

"తడి" అన్నాడు.

"ఆఁ?"

"కాగితం తడిసింది."

ఆమె అతన్ని చూసి తల ఊపింది. "సరే. తడే. వేడి వైను పోస్తున్నారు హాల్లో. వస్తావా?"

"తీగ తియ్యాలి."

అందరూ వెళ్ళాక తీగ తీశాడు. అతనికి ఏమీ అనిపించలేదు. చేతికీ అంతే. బ్లాజెనా అలా సగం వంగే నిలబడింది. ఇక అలాగే నిలబడుతుంది.

తీగ డబ్బాలో పెట్టాలి. వెనక గదిలోకి వెళ్ళి డబ్బా మూత తీశాడు. పెట్టలేదు. కాపరిని దగ్గరికి లాక్కున్నాడు.

బెజ్జాలు ఒక జత కాదు. దీపం కిందికి తెచ్చి చూస్తే మూడు జతలు. మొదటివి మరీ దూరం. వాటిని జిగురుతో పూడ్చింది.

"తప్పు" అన్నాడు.

రెండోవి దగ్గరే, కానీ మడతకు వంకర. వాటినీ పూడ్చింది.

"తప్పు."

మూడోవి పూడ్చలేదు. వాటి పక్కన ఏ గీతా లేదు, గుర్తూ లేదు. తీగను వాటిమీద ఆనించి చూశాడు. సరిగ్గా సరిపోయింది.

దీనికి వేళ్ళు మొరాయించలేదు, లేక మొరాయించినా అతనికి తెలియలేదు. పళ్ళతో పట్టుకుని, దూర్చి, నొక్కాడు. కాపరిని తీసుకెళ్ళి నాచు అంచున పాతచోటే, గొర్రెల మధ్య గుచ్చాడు. బాతు మెడకు పోయే కరెంటు దానంతట అదే వస్తూ ఆగుతూ ఉంటుంది. అందులోంచే దీనికీ కలిపాడు. చలికి టోపీ పెట్టుకుని ముందువరస బెంచీమీద కూర్చున్నాడు. కాళ్ళకు ఇంకా ఉన్ని చెప్పులే ఉన్నాయి.

కాపరి ఛాతీ లేచింది. దిగింది. టోపీ కింద, తెరిచిన నోటికింద, ఊపిరి తీస్తున్న మనిషి. వెక్కిరింత కాదని ఇప్పుడూ అనుకోలేదు. వెక్కిరింతే. కానీ చచ్చినవాడిలా ఉన్న బొమ్మను ఆమె ఊపిరి తీసేదానిలా కోసిపెట్టింది. మిగతాది అతని పని అంది. అతను చెయ్యలేదు.

మడత బాగా గీసింది. అట్టపేడు కూడా అవసరం లేదు.

దవడలో నొప్పి తగ్గింది. అతను వెనక్కి ఆనుకున్నాడు.

తొమ్షోవా తాళాలు గలగలలాడిస్తూ వచ్చేసరికి కిటికీల్లో ఇంకా కాస్త వెలుతురు ఉంది. వైను తాగిన బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"కొవాండా! హాల్లో నీకోసం మరదలు చూస్తోంది, నువ్విక్కడున్నావా? లే, తాళం వెయ్యాలి."

టోపీ అతని కళ్ళమీదికి జారి ఉంది. నోరు కాస్త తెరిచి ఉంది.

"హవ్వ! ఊరు చెప్పుకునేది అబద్ధం కాదన్నమాట" అని నవ్వుకుంటూ, ముందు బేత్లెహేము కరెంటు కట్టేద్దామని బల్లవైపు నడిచింది. స్విచ్చి మీద చెయ్యి పెట్టింది. డప్పువాడు కొడుతున్నాడు, బాతు మెడ చాపుతోంది. నాచు అంచున ఇంతవరకూ ఎన్నడూ కదలని బొమ్మ కదులుతోంది. ఆమె వంగి చూసింది. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. తలతిప్పి బెంచీవైపు చూసింది. మళ్ళీ బొమ్మవైపు. మళ్ళీ బెంచీవైపు, ఈసారి అతని ఛాతీవైపు.

"లోయ్జా?" అంది. ఆ పేరుతో ఆమె అతన్ని నవ్వడానికి తప్ప ఎప్పుడూ పిలవలేదు.

తాళాలు బల్లమీదే వదిలేసి హాలువైపు పరిగెత్తింది. స్విచ్చి కట్టెయ్యడం మరిచిపోయింది. నాచు అంచున, గొర్రెల మధ్య, కాగితపు ఛాతీ లేచింది, కాస్త ఆగింది, దిగింది.